రెండు కిట్లు రెండు అంకెలు చూపిస్తే ఏది నమ్మాలె? ఉప్పునీళ్ల ట్యాంకు ఆల్కలినిటీ గురించి

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నయీంనగర్‌లో ఇల్లు, 200 లీటర్ల ట్యాంకు, పెట్టి ఎనిమిది నెలలు. ఒక జత క్లౌన్ చేపలు, నాలుగైదు మెత్తటి కోరల్స్, పోయిన నెల తెచ్చిన రెండు రాతి కోరల్ ముక్కలు. చుక్కల కిట్‌తో చూస్తే ఆల్కలినిటీ (ఆసిడ్‌ను మింగే నీళ్ల శక్తి, డీకేహెచ్ అనే కొలతలో చెప్తరు) 10, సిరంజి కిట్‌తో చూస్తే 7.4. రాతి కోరల్ కొసలు తెల్లబడుతున్నయ్. కోరల్స్ అమ్మినాయన బఫర్ డబ్బా, అంటే ఆల్కలినిటీ పెంచే మందు, కొనుక్కపొమ్మంటున్నడు. "ఏ కిట్ నమ్మాలె సార్?" అని అడిగినవ్.

ఇప్పటికైతే రెండిట్లో ఏదీ నమ్మకు. బఫర్ డబ్బా కొన్నా మూత తియ్యకు. ఎందుకంటే నీ ట్యాంకు నిజంగా 10 మీద ఉండి, నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దగ్గర ఉంటే, కొసలు తెల్లబడేది అందుకే కావచ్చు. దాని మీద బఫర్ పోస్తే ఇంకింత కాలినట్టయితయ్. నిజంగా 7.4 అయితే అది భయపడే అంకే కాదు. అసలు సముద్రంలో ఉండేది ఆ చుట్టుపక్కలనే, ఆరున్నర నుంచి ఏడు. అప్పుడు కొసలు తెల్లబడుడుకు కారణం వేరే చోట వెతకాలె: లైటు ఎక్కువైందా, ఉప్పు సాంద్రత అటుఇటు అయిందా అని. మొదలు మాత్రం నీ చేతిల ఉన్న కొలబద్ద సరైందా కాదా తేల్చుకోవాలె.

నేను ముప్పై ఏండ్లు హన్మకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించిన. నువ్వు కూడా ఎంపీసీనో బైపీసీనో చదివే ఉంటవు. బ్యూరెట్‌లో ఆసిడ్, కోనికల్ ఫ్లాస్క్‌లో సోడియం కార్బొనేట్, రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్, రంగు మారంగనే ఆపుడు. యాదికొచ్చిందా? ఆల్కలినిటీ కిట్ అంటే అచ్చం అదే ప్రాక్టికల్, అగ్గిపెట్టె సైజుకు తెచ్చిండ్రు. నీ ట్యాంకు నీళ్లలో బైకార్బొనేట్, కార్బొనేట్, కొంచెం బోరేట్ ఉంటయ్. ఆసిడ్ చుక్కలు పడ్డకొద్దీ అవి దాన్ని మింగుతయ్. మింగే శక్తి అయిపోయినంక పీహెచ్ ఒక్కసారి నాలుగున్నర కిందికి జారుతది, ఇండికేటర్ రంగు తిరుగుతది. అక్కడి దాక ఎంత ఆసిడ్ పట్టిందో అదే ఆల్కలినిటీ. ఇందులో మంత్రం ఏం లేదు. నీళ్లు ఎంత తీసుకున్నవ్, ఆసిడ్ ఎంత గట్టిది, రంగు ఎక్కడ మారిందన్నవ్, ఈ మూడిట్లో ఏది తప్పినా అంకె తప్పుతది.

(ప్రాక్టికల్స్‌లో మా పిల్లలు ఒక్కసారే టైట్రేషన్ చేసి, రికార్డులో మాత్రం 20.1, 20.1 అని రెండు రీడింగులు రాసేటోళ్లు. ట్యాంకు దగ్గర ఆ పని చెయ్యకు, ఇక్కడ మార్కులేసేది కోరల్.)

ఇప్పుడు అసలు పని. ఆల్కలినిటీ ఎంతో ముందే తెలిసిన నీళ్లు ఇంట్లోనే తయారు చేసుకోవాలె. దానికి కావాల్సింది తినే సోడా, అదే వంట సోడా. బేకింగ్ పౌడర్ కాదు, దాంట్లో పిండి, ఆసిడ్ కలిసి ఉంటయ్. బట్టల సోడా అసలే కాదు. కిరాణంలో విడిగా పొట్లం కట్టిచ్చేది కూడా వద్దు, సీలున్న కొత్త ప్యాకెట్ తీసుకో. నీళ్లకు పెట్రోల్ బంకులో బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ సరిపోతది.

2.4 గ్రాముల సోడా ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించు. ఇది 80 డీకేహెచ్ నీళ్లు అయితయ్. దాంట్లో నుంచి 100 మిల్లీలీటర్లు తీసి, ఇంకో 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలుపు. అది సరిగ్గా 8 డీకేహెచ్. లెక్క కావాలంటే ఇదుగో: సోడా అణుభారం 84, కాబట్టి 2.4 గ్రాములంటే 28.57 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒక్కో మిల్లీ ఈక్వివలెంట్‌కు 2.8 డీకేహెచ్. గుణిస్తే 80. నేరుగా 0.24 గ్రాములు తూచొచ్చు గదా అంటవేమో. అంత చిన్న తూకంలో ఇంటి కాటా చేసే తప్పే పది శాతం ఉంటది. అందుకే పెద్దగ తూచి పల్చగ చేసుడు.

2.4 గ్రాములు వంటింటి కాటా మీద పట్టదు. గ్రాములో నూరో వంతు చూపించే జేబు కాటాలు ఆన్‌లైన్‌లో దొరుకుతయ్. నేను మొదటిసారి చేసినప్పుడు నా దగ్గర అదీ లేకుండె. తెలిసిన బంగారం దుకాణంల కూసోని, బటర్ పేపర్ మీద సోడా పోయించి తూపించిన. ఆ సేట్ నన్ను వింతగ చూసి "సార్, తరుగు తియ్యాల్నా?" అన్నడు. నీళ్ల కొలత మాత్రం వంటింటి కాటాతోనే అయితది, లీటరు నీళ్లు కిలో తూగుతయ్.

ఆ సీసా మీద "8" అని రాసి గట్టిగ మూతపెట్టి, ఎండ తగలని చోట పెట్టు. గాలి తగిలితే అందులోని కార్బన్ డయాక్సైడ్ అటుఇటు అయి పీహెచ్ మారొచ్చు గాని ఆల్కలినిటీ మారదు. నీళ్లు ఆవిరైతే మాత్రం మారుతది, అందుకే మూత ముఖ్యం.

ఇగ ఆ నీళ్లను నీ రెండు కిట్లతో మూడేసి సార్లు చూడు. ఉదాహరణకు చుక్కల కిట్ ఈ నీళ్లకు కూడా 10 చూపించింది, సిరంజి కిట్ 7.4 చూపించింది అనుకో. అప్పుడు నీ ట్యాంకు 8 అన్నట్టు. చుక్కల కిట్ అంకెను 0.8తో, సిరంజి కిట్ అంకెను 1.08తో గుణిస్తే రెండూ ఒకే చోటికి వస్తయ్. పారేయాల్సిన అవసరం లేదు, డబ్బా మీద ఆ గుణకం మార్కర్‌తో రాసి పెట్టుకో. కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలె. ఒకే కిట్ మూడుసార్లలో మూడు రకాలుగ చూపిస్తే మాత్రం తప్పు కిట్‌ది కాదు, చేతిది.

చెయ్యి ఎక్కడ తప్పుతదో ఇప్పుడు చెప్త.

నీళ్లు తీసుకునుడు మొదటిది. సీసా మీది గీత నమ్మకు. 4 మిల్లీలీటర్లు తీయాల్సిన చోట 0.2 తేడా వస్తే ఐదు శాతం, అంటే 8 దగ్గర 0.4 డీకేహెచ్. మందుల దుకాణంలో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజి సూది లేకుండ తీసుకుని, గాలి బుడగ లేకుండ ట్యాంకు నీళ్లు నింపు. సీసాను ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ట్యాంకు నీళ్లతోనే కడుగు. సబ్బు వద్దు, నల్లా నీళ్లతో కడిగి అట్లనే వాడుడు వద్దు. మా బోరు నీళ్లు ఒకసారి ఇదే కిట్‌తో చూస్తే 20 దాటింది.

చుక్కల కిట్ సీసాను నిట్టనిలువుగ పట్టుకో. వంచి పడితే చుక్క సైజు మారుతది. ఏపీఐ కంపెనీది లాంటి చుక్కల కిట్‌లో 5 మిల్లీలీటర్ల నీళ్లకు చుక్కకో డీకేహెచ్. 10 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్కకు అర డీకేహెచ్ అయితది, ఆసిడ్ రెట్టింపు ఖర్చు అయినా అంకె సగం మెరుగు. నేనైతే అట్లనే చేయమంట.

సిరంజి కిట్ దగ్గర రంగును ఎట్ల చూడాలెనో మాటల్లో చెప్పుడు కష్టం గాని ప్రయత్నిస్త. సీసా కింద తెల్ల కాగితం పెట్టు, కిటికీ దగ్గర, పొద్దటి వెలుతురులో. ట్యాంకు నీలి లైటు కింద చెయ్యకు, దాని కింద ఏ రంగూ ఉన్నది ఉన్నట్టు కనపడదు. మొదట నీళ్లు నీలంగ, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటయ్. సగం దూరం దాక ఏం మారదు. తర్వాత చుక్క పడ్డ చోట గులాబీ మచ్చ పుట్టి, సీసా తిప్పంగనే మాయమైతది. ఆ మచ్చ మాయమయ్యే టైం పెరుగుతుందంటే దగ్గర పడ్డవ్, ఇగ ఒక్కొక్క చుక్కే. ఒక చుక్కకు నీళ్లన్నీ ఏ రంగూ కాని బూడిద రంగుకు వస్తయ్, ఇంకో చుక్కకు గులాబీకి తిరుగుతయ్. కాగితంలో ఏ రంగు దగ్గర ఆపమని రాసి ఉందో అక్కడే ఆపు, ప్రతిసారీ అక్కడే ఆపు. ఆ ఒక్క చుక్కకు 0.3 డీకేహెచ్ దాక ఉంటది. ఆపినంక సీసాను పక్కన పెట్టి ఐదు నిమిషాల తర్వాత చూస్తే రంగు మళ్లీ నీలం దిక్కు పోయి ఉంటది. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ లేస్తది, అంతే. అయ్యో తక్కువ పోసిన అని ఇంకో చుక్క వేయకు.

సిరంజిలో ఆసిడ్ నింపినప్పుడు ముక్కులో కొంచెం గాలి ఉంటది, పిస్టన్ కింద కొంత ఖాళీ కనపడుతది. దాని గురించి గాబరా వద్దు, ద్రవం అంచును కాదు, పిస్టన్ అంచునే చదువు. మొదట అక్కడే, చివర అక్కడే.

సిరంజి ముచ్చట వచ్చింది కాబట్టి నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్త. ఎనిమిదేండ్ల కింద కిట్‌లోని 1 మిల్లీలీటరు సిరంజిని మా మనుమడు హోలీకి రంగుల పిచికారీ చేసుకున్నడు. పక్క మందుల దుకాణంలో అదే సైజుది ఇవ్వమంటే ఇన్సులిన్ సిరంజి ఇచ్చిండ్రు, నేనూ చూడకుండ తెచ్చుకున్న. ఎర్ర మూతది, యూ-40. దాని మీద ఒక మిల్లీలీటరుకు 40 గీతలే ఉంటయ్. నేనేమో 100 గీతలనుకుని చదివిన. అర మిల్లీలీటరు పట్టింది, అంటే 20 గీతలు, నేను 0.20 అని రాసుకున్న. ఆ కిట్‌లో మిల్లీలీటరు పూర్తిగ పడితే దాదాపు 16. ఎనిమిది ఉన్న ట్యాంకు నా పుస్తకంలో 3.2 అయి కూసుంది. పట్టపగలు చుక్కలు కనపడ్డయ్. కెమిస్ట్రీ చదివినోన్ని, మళ్లోసారి చూసుకోవాలె గదా? చూడలే. లెక్క కట్టి 27 గ్రాముల సోడా ఒకేసారి పోసిన. తెల్లారేసరికి హీటర్ మీద సున్నం పెచ్చు కట్టింది, పంపు బిగుసుకపోయింది, ట్యాంకుల మంచు కురిసినట్టు తెల్లగ. రెండు కోరల్స్ వారంలో పోయినయ్. మూడో రోజు మా ఆవిడ తన ఇన్సులిన్ వేసుకుంటూ "మీ సిరంజి నాది ఒకటే ఉన్నయ్ గదా" అన్నప్పుడు గాని నాకు వెలగలే.

కాబట్టి నీ సిరంజి కిట్‌తో వచ్చిందేనా అన్నది ముందు చూడు.

కిట్ పాతదా అన్నది కూడా చూడు. మన దగ్గర మే నెలలో గది లోపలే కొలిమి లెక్క ఉంటది. మూత వదులుగ ఉన్న ఆసిడ్ సీసాలో నీళ్లు ఆవిరై ఆసిడ్ చిక్కబడుతది. చిక్కటి ఆసిడ్ తక్కువ పడుతది, అంకె తక్కువ చూపిస్తది. నీ సిరంజి కిట్ తక్కువ చూపిస్తుంటే ఇది ఒక అనుమానం. చల్లటి చోట, చీకట్ల పెట్టుకో.

చెకర్, అంటే అంకెను తెర మీద చూపించే చిన్న మిషన్, కొనాల్నా అని కూడా అడిగినవ్. హన్నా కంపెనీ హెచ్ఐ772 అని ఉప్పునీళ్ల కోసం చేసింది ఉంది. 10 మిల్లీలీటర్ల నీళ్లు, 1 మిల్లీలీటరు రీఏజెంట్, అంకె తెర మీదనే వస్తది. రంగు చూసే గొడవ తప్పుతది, రంగులు సరిగ్గ పట్టలేని కండ్లకు మేలు. కాని దాని సొంత పొరపాటు 0.3, ఆ పైన రీడింగ్‌లో ఐదు శాతం దాక ఉండొచ్చని కంపెనీయే చెప్తది. అంటే తెర మీద 8.4 అని పాయింటుతో సహా కనపడ్డా అది దేవుని మాట కాదు. గాజు సీసా మీద వేలి ముద్ర, గీత, లోపల బుడగ ఉన్నా అంకె మారుతది. ఇంకో ముచ్చట: నేను చెప్పిన సోడా నీళ్లు దానికి పనికిరావు. అది ఉప్పునీళ్ల రంగుకు లెక్క కట్టింది, మంచినీళ్లలో లెక్క తప్పొచ్చు. దానికి కంపెనీ అమ్మే స్టాండర్డే, అంటే అంకె ముందే తెలిసిన ద్రవమే, వాడాలె. నీకిప్పుడు కొనాల్సిన అవసరం నాకైతే కనపడలే.

కిట్ సంగతి తేలినంక, ట్యాంకు. పరీక్ష చేసే ముందు నీళ్ల మట్టం చూసినవా? మనకు ఎండాకాలం ఫ్యాను కింద మూతలేని ట్యాంకులో నీళ్లు రోజుకు లీటర్ల కొద్దీ ఎగిరిపోతయ్, ఉప్పు, ఆల్కలినిటీ మాత్రం లోపలే ఉంటయ్. సాలినిటీ, అంటే నీళ్లల ఉప్పు పాలు, 35 నుంచి 37.5కు పోతే 8 ఉన్న ఆల్కలినిటీ 8.6 చూపిస్తది. ఏం పెరిగినట్టు? ఏం పెరగలే, నీళ్లు తగ్గినయ్. గీత దాక మంచినీళ్లు పోసి, గంట తిరగనిచ్చి, అప్పుడు చూడు.

ఆ పోసే నీళ్ల మీద నాకు నీ ప్రశ్నలో అన్నిటికంటే ఎక్కువ అనుమానం. "ఇంటి ఆర్వో నీళ్లు" అని రాసినవ్. ఇంటి ఆర్వో మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అనో, మినరల్ కార్ట్రిడ్జ్ అనో ఒకటి పెడతరు. కంట్రోలర్ చేసే పని కొంత బోరు నీళ్లను మళ్లీ కలుపుడే. తాగనీకి రుచి ఉంటది, ట్యాంకుకు మాత్రం రోజూ కొంచెం కొంచెం ఆల్కలినిటీ పోసినట్టు. నీ ఆర్వో నీళ్లను కిట్‌తో చూడు, మొదటి చుక్కకే రంగు మారాలె. రెండు మూడు చుక్కలు పడుతున్నయంటే ప్లంబర్‌ను పిలిచి ఆ కంట్రోలర్ మూయించు, లేదా పొర నుంచి నేరుగా వచ్చే పైపుకు వేరే నల్లా పెట్టించు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లయినా అంతే, చూడకుండ పోయొద్దు. కాజీపేటలో రైలెక్కి బాపట్ల దిగి సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లే క్యాన్లల్ల తెచ్చుకుంట అనేటోళ్లు కూడా ఉన్నరు. ఒడ్డు నీళ్లు వానలకు పల్చబడతయ్, ఏమేం కలిసి ఉంటయో తెల్వదు. నేను వద్దంట.

కొత్తగ ఉప్పు కలిపిన బకెట్‌ను కూడా ఒకసారి చూడు. కొన్ని సాల్ట్ మిక్స్‌లు 11, 12 దాక వస్తయ్. 8 ఉన్న ట్యాంకులో ఐదో వంతు నీళ్లు తీసి 11 ఉన్నవి పోస్తే ఒక్క పూటలో 8.6 అయితది. ఆదివారం నీళ్లు మారిస్తే సోమవారం కోరల్ ముడుచుకుంటుందా అన్నది గమనించు.

ఎంత ఉండాలె అంటే, 7 నుంచి 11 మధ్య ఎక్కడైనా కోరల్స్ బతుకుతయ్. నేను ఎనిమిదిన్నర దగ్గర పెట్టుకుంట. అంకె కంటే ముఖ్యం అది కదలకుండ ఉండుడు, రోజుకు అర డీకేహెచ్ దాటి కదలొద్దు. అందుకే ఒకే కిట్, ఒకే చెయ్యి, ఒకే టైం. నేను పొద్దున చాయ్ అయినంక, సోడా పోయకముందు చూస్త. నువ్వు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూసి పోల్చినట్టున్నవ్, అదీ వద్దు.

పీహెచ్ తక్కువ ఉందని కూడా రాసినవ్, 7.9 అని. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కు అట్లనే ఉంటది. దానికీ ఆల్కలినిటీకీ ముడిపెట్టకు. కిటికీ తెరిచి రెండు గంటల తర్వాత చూడు.

ఇక సోడా ఎప్పుడు పోయాలె? రెండు రోజులు ఏమీ పోయకుండ ఉండు. మొదటి పొద్దున 8.4, మూడో పొద్దున 7.8 వచ్చిందనుకో, రోజుకు 0.3 తింటున్నట్టు. 100 లీటర్లకు ఒక డీకేహెచ్ పెంచనీకి 3 గ్రాముల తినే సోడా కావాలె. రాళ్లు, ఇసుక పోను నీ ట్యాంకులో నీళ్లు 180 లీటర్లు ఉంటయనుకుందాం, రోజుకు 1.6 గ్రాములు. దాన్ని గ్లాసు ఆర్వో నీళ్లలో కరిగించి, పంపు నీళ్లు కొట్టే చోట సన్నటి ధారగ పోయి. నీకున్నది రెండు చిన్న రాతి ముక్కలే, నిజానికి అంత కూడా తినవేమో. ఆల్కలినిటీ ఎంత పోసినా నిలవకుండ పడిపోతుంటే మెగ్నీషియం చూడు, 1250 పీపీఎం కింద ఉంటే కాల్షియం, కార్బొనేట్ కలిసి రాయై కూసుంటయ్.

ఈ ఆదివారం సోడా నీళ్లు చేసి, ఈ అంకెలు రాసి పంపు: 8 నీళ్లకు రెండు కిట్లు చూపించినవి, నీ ఆర్వో నీళ్లది, కొత్త ఉప్పు బకెట్‌ది. నైట్రేట్ కూడా ఒకసారి చూడు. సిరంజి ఫోటో తీసి పెట్టు, మూత రంగు కనపడేటట్టు. కోరల్ ముక్కలను అప్పటిదాక ఉన్న చోటు నుంచి ఒక జానెడు కిందికి దించు, ఇంకేం చెయ్యకు.